పూర్వస్థితి ఎప్పటిది? సాయుధ సంఘర్షణలో ఆస్తి హక్కు: నల్లగొండ, మహబూబ్‌నగర్ అనుభవంపై ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

యుద్ధకాలంలో ఎవరి సొత్తు ఎవరి చేతికి పోయినా, శాంతి ఏర్పడ్డాక ఎవరిది వారికి చేరాలన్నది సర్వత్రా ఆమోదం పొందిన సూత్రం. ఈ సూత్రం నిలవాలంటే "ఎవరిది" అన్న మాటకు అర్థం ముందే తేలి ఉండాలి. సంఘర్షణకు ముందున్న స్థితి న్యాయసమ్మతమైనదైతే చిక్కు లేదు. ఆ స్థితే అంతకుముందు జరిగిన బలప్రయోగం ఫలితమైతే, దానిని పునరుద్ధరించడం న్యాయమవుతుందా, లేక పాత అన్యాయానికి కొత్త ముద్ర వేయడమవుతుందా అన్న ప్రశ్న తలెత్తుతుంది.

1946–51 మధ్య తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం నడిచిన నేలలో ఈ ప్రశ్న గ్రామగ్రామాన ఎదురైంది. నాటి ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆ పోరాటానికి కేంద్రం. మహబూబ్‌నగర్ జిల్లాలోని సంస్థానాలూ, నల్లమల అంచులోని అమ్రాబాద్ ప్రాంతమూ ఆస్తికి సంబంధించి మరికొన్ని సమస్యలను ముందుకు తెచ్చాయి. ఈ రెండు జిల్లాల అనుభవం ఆధారంగా, సాయుధ సంఘర్షణలో ఆస్తిరక్షణ గురించి అంతర్జాతీయ న్యాయం చేసిన నిర్ణయాలను నైతిక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. యుద్ధకాలంలో ఆస్తికి ఇచ్చే రక్షణ వేరు, ఆ ఆస్తిపై హక్కును ధ్రువీకరించడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే దక్షిణ తెలంగాణలో న్యాయం దారి తప్పిందన్నది ఇక్కడి ప్రతిపాదన.

1. అంతర్జాతీయ న్యాయం చెప్పినది, చెప్పనిది

1907 నాటి హేగ్ నిబంధనలలోని 46వ అధికరణం ఆక్రమిత ప్రాంతంలో వ్యక్తుల సొంత ఆస్తిని గౌరవించాలనీ, దానిని జప్తు చేయరాదనీ శాసిస్తుంది. 47వ అధికరణం దోపిడీని నిషేధిస్తుంది. 1949 ఆగస్టు 12న రూపొందిన నాలుగో జెనీవా ఒప్పందం 33వ అధికరణంలో దోపిడీ నిషేధాన్ని పునరుద్ఘాటించి, 53వ అధికరణంలో సైనిక అవసరం తప్పనిసరి అయితే తప్ప ఆస్తిని ధ్వంసం చేయరాదని చెప్పింది. ఇవి ప్రధానంగా రాజ్యాల మధ్య జరిగే యుద్ధాలకూ, పరదేశ సైన్యపు ఆక్రమణకూ వర్తించే నియమాలు.

ఒకే దేశంలో జరిగే సాయుధ సంఘర్షణ విషయంలో ఈ న్యాయం చాలాకాలం మౌనం వహించింది. నాలుగు జెనీవా ఒప్పందాలకూ ఉమ్మడిగా ఉన్న 3వ అధికరణం మనిషి ప్రాణాన్నీ, గౌరవాన్నీ కాపాడుతుంది గాని ఆస్తి ప్రస్తావన చేయదు. 1977 నాటి రెండో అదనపు ప్రోటోకాల్ ఈ లోటును కొంత పూడ్చింది. దాని 4వ అధికరణం దోపిడీని నిషేధించింది. 14వ అధికరణం ప్రజలను ఆకలికి గురిచేయడాన్ని యుద్ధసాధనంగా వాడరాదంటూ ఆహారధాన్యాలు, పంటభూములు, పైరు, పశువులు, తాగునీటి వసతులు, సాగునీటి కట్టడాలను పేర్కొంది. భారతదేశం ఈ ప్రోటోకాల్‌లో భాగస్వామి కాదు.

ఈ కాలక్రమాన్ని హైదరాబాద్ సంస్థాన చరిత్రతో కలిపి చూడాలి. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలిని ఆశ్రయించింది. మండలి సెప్టెంబరు 16న ఈ విషయాన్ని చర్చకు స్వీకరించింది. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటు ప్రకటనతో ముగిసింది. భారత ప్రభుత్వం దీనిని అంతర్గత విషయంగా పరిగణించింది. "పోలీసు చర్య" అన్న పేరులోనే ఆ వైఖరి ఉంది. యుద్ధమని పేరు పెట్టనిచోట యుద్ధన్యాయం ప్రవేశించదు. 1950 నవంబరు 9న భారతదేశం జెనీవా ఒప్పందాలను ధ్రువీకరించేనాటికి నల్లగొండ గ్రామాల్లో, నల్లమల అడవుల్లో పోరాటం ఇంకా సాగుతూనే ఉన్నా, అది శాంతిభద్రతల సమస్యగానే లెక్కకు వచ్చింది. కాబట్టి ఇక్కడ ప్రశ్న ఏ అధికరణం ఉల్లంఘితమైందన్నది కాదు. ఆ నియమాల వెనుక ఉన్న ఆస్తి భావన ఈ నేలమీది వాస్తవానికి సరిపోతుందా అన్నది.

2. పట్టా వెనుక చరిత్ర

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో శిస్తు వసూలు గుత్తల పద్ధతి పోయి, జిల్లాల పాలన ఏర్పడింది. అంతవరకు శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖులకూ, లెక్కలు రాసిన దేశ్‌పాండేలకూ పరిహారంగా రుసుములు దక్కాయి. భూముల కొలత, నమోదు జరిగిన కాలంలో తరతరాలుగా రైతులు దున్నుతున్న సారవంతమైన భూములను వీరిలో అనేకులు తమ పేరున రాయించుకున్నారని పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాటచరిత్ర గ్రంథంలో వివరించారు. కాగితం ఎవరి చేతిలో ఉందో వారికే కాగితంపై పేరు ఎక్కింది. రైతు తన భూమిలో తానే కౌలుదారయ్యాడు. అప్పు తీర్చలేనివాడు, నాగుకు తెచ్చిన గింజలు తిరిగి కొలవలేనివాడు ఉన్న చెక్కనూ పోగొట్టుకున్నాడు. సుందరయ్య లెక్కల ప్రకారం విసునూరు దేశ్‌ముఖు అధీనంలో 40,000 ఎకరాలు, సూర్యాపేట తాలూకాలోని జన్నారెడ్డి కుటుంబం అధీనంలో 1,50,000 ఎకరాలు ఉండేవి.

మహబూబ్‌నగర్ జిల్లాలో ఈ చిత్రం మరోరకంగా ఉంటుంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట సంస్థానాలు నిజాంకు పేష్కషు చెల్లిస్తూ తమ పరిధిలో శిస్తు అధికారాన్ని అనుభవించాయి. అక్కడ పాలనాధికారానికీ భూస్వామ్యానికీ మధ్య గీత గీయడం కష్టం. జిల్లా దక్షిణాన అమ్రాబాద్ అడవుల్లోని చెంచులకు భూమిపై పట్టా అన్న భావనే పరాయిది. దుంప, తేనె, ఇప్పపువ్వు సేకరించే హద్దులు వారి గుంపులకు తెలుసు. ఆ హద్దులు ఏ దఫ్తరులోనూ నమోదు కాలేదు. హేగ్ నిబంధనలు కాపాడతామన్న "సొంత ఆస్తి" అన్న మాటలో సంస్థానాధీశుని భవంతికి చోటుంది, చెంచుల తేనెకొండకు లేదు.

ఈ నేపథ్యంలో 46వ అధికరణాన్ని అక్షరశః అన్వయిస్తే ఫలితం ఊహించవచ్చు. సంఘర్షణ మొదలైననాటికి నమోదైన హక్కుదారునికి రక్షణ దొరుకుతుంది. ఆ నమోదు ఎలా జరిగిందన్నది చర్చలోకి రాదు.

3. భుక్తి: ఒక పదం, రెండు అర్థాలు

తెలంగాణ పోరాట నినాదంలో "భూమి", "భుక్తి", "విముక్తి" అన్న మూడు మాటలున్నాయి. వీటిలో "భుక్తి"ని నేటి పాఠకులు తిండి, బతుకుదెరువు అన్న అర్థంలో గ్రహిస్తారు. ధర్మశాస్త్ర సంప్రదాయంలో ఇదే మాట వ్యవహార నిర్ణయానికి సంబంధించిన పారిభాషిక పదం. వివాదంలో లిఖితం, భుక్తి, సాక్షులు అనే మూడింటిని యాజ్ఞవల్క్యస్మృతి మానుష ప్రమాణాలుగా చెప్పింది. ఇక్కడ భుక్తి అంటే అనుభవం, భూమిని వాస్తవంగా దున్ని అనుభవించడం. దీనికి తోడుగా నిలిచేది ఆగమం, అంటే ఆ వస్తువు తన చేతికి న్యాయంగా వచ్చిన విధం.

ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య కల్యాణి చాళుక్యుల కాలంలో, తరువాత హైదరాబాద్ రాజ్యంలో చేరిన ప్రాంతంలోనే పుట్టింది. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన దానిని "విజ్ఞానేశ్వరీయము"గా తెలుగు చేయడం సాహిత్య విద్యార్థులకు తెలిసిన విషయం. తరతరాలుగా వచ్చిన అనుభవం విషయంలో తప్ప, భోగం కన్నా ఆగమం బలవత్తరమన్నది ఈ సంప్రదాయపు నిర్ణయం. అయితే కొంచెమైనా భుక్తి లేనిచోట ఆగమానికీ బలం ఉండదని అది అక్కడే హెచ్చరిస్తుంది. బలాత్కారంతో జరిగిన వ్యవహారాలను రద్దు చేయాలన్నది కూడా యాజ్ఞవల్క్యుని ఆదేశం.

ఈ మూడు నిర్ణయాలను నల్లగొండ పరిస్థితికి అన్వయిస్తే పట్టా ఒక్కటే హక్కుకు మూలమన్న వాదం నిలవదు. దొర వద్ద లిఖితముంది, భుక్తి రైతుది. తరతరాల భుక్తి కనుక ఆగమం చూపలేకపోయినా అది బలహీనం కాదు. దొర చూపే లిఖితం బలంతో పుట్టినదైతే అది చెల్లదు. తెలుగు నేలపై ఏడు శతాబ్దాలుగా చదువుకుంటున్న న్యాయమీమాంస ఆధునిక అంతర్జాతీయ న్యాయం అడగని ప్రశ్నను ముందే అడిగింది. అదే సంప్రదాయం వర్ణాధిక్యాన్ని సమర్థించిందన్నదీ, ఆ భుక్తిని గుర్తించే తీర్పరి పీఠం శ్రమజీవికి ఏనాడూ అందలేదన్నదీ ఇక్కడ విస్మరించరాని విషయాలు. స్వీకరించవలసింది దాని వాదక్రమాన్ని మాత్రమే.

చాకలి ఐలమ్మ ఉదంతం ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. పాలకుర్తిలో ఆమె కౌలుకు తీసుకుని సాగు చేసిన భూమిపై విసునూరు దేశ్‌ముఖు కన్ను వేశాడు. కోతకు వచ్చిన పంటను ఎత్తుకుపోవడానికి మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు అడ్డుపడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఐలమ్మ భూయజమాని కాదు. ఆస్తి హక్కు అంటే యాజమాన్యమే అనుకుంటే ఆమెకు చెప్పుకోవడానికి హక్కే లేదు. ఆమెకున్నది భుక్తి, రెండు అర్థాలలోనూ.

4. సంఘం పంపకంలోని నైతిక క్రమం

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన తరువాత ఉద్యమం ఉధృతమైంది. 1948 నాటికి సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచినట్టు ఉద్యమ చరిత్రకారులు లెక్క చెప్పారు. ఈ అంకె కంటే పంపకం జరిగిన క్రమం ఈ చర్చకు ముఖ్యం.

మొదట అక్రమంగా గుంజుకున్న భూములు వాటి పూర్వ యజమానులకు తిరిగి చేరాయి. తరువాత బంజర్లు, అడవి అంచు భూములు భూమిలేనివారికి పంచారు. ఆ పిదపనే భూస్వాముల మిగులు భూమికి పరిమితి విధించారు. ఆ పరిమితి మొదట 500 ఎకరాలు, చివరకు 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల తరి. ఇందులో మూడు వేర్వేరు న్యాయసూత్రాలు ఉన్నాయి. మొదటిది పునరర్పణ: నీదైనది నీకు తిరిగి ఇవ్వడం. ఇందులో ఆస్తి హక్కుకు తిరస్కారం లేదు, సమర్థన ఉంది. రెండోది అవసరం: ఎవరిదీ కానిది లేనివారికి దక్కడం. మూడోది సమత: ఒకరికి మితిమీరి ఉన్నది పంచడం. పోరాటాన్ని ఆస్తి విధ్వంసంగా మాత్రమే చిత్రించేవారు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టారు. పోరాటాన్ని కీర్తించేవారు కూడా తరచు అదే పని చేశారు.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన నాటకం పేరు "మా భూమి". తెలుగులో "మా" అన్న సర్వనామం ఎదుటివానిని మినహాయిస్తుంది, "మన" కలుపుకుంటుంది. పునరర్పణ దశకు సహజమైన మాట "మా". పోయినదాన్ని అడిగేవాడు పట్టుకున్నవానికి ఎదురుగా నిలబడి మాట్లాడతాడు. సమత దశకు "మన" కావాలి. దానిని పలకడానికి ఉభయులూ అంగీకరించే తీర్పు వ్యవస్థ ఒకటి ఉండాలి. ఆయుధం నీడన అది ఏర్పడటం దుర్లభం. అప్పు పత్రాలు, దొరల దఫ్తరాలు తగులబెట్టిన సంఘటనలను ఈ కోణంలో కూడా చూడాలి. ఆ మంటలో వెట్టి బంధం తెగింది. అయితే మోసపు నమోదును రేపు రుజువు చేయగల కాగితమేదైనా అందులో ఉంటే అదీ బూడిదైంది. సాక్ష్యం నశించినప్పుడు ఎక్కువ నష్టపోయేది సాక్ష్యం తప్ప మరో బలం లేనివారే.

5. ప్రతివాదం: 1948 సెప్టెంబరుకు ముందు, తరువాత

పూర్వ అన్యాయాన్ని సరిదిద్దడానికి సంఘర్షణ కాలంలోనే ఆస్తి చేతులు మారవచ్చునని ఒప్పుకుంటే, ఆయుధమున్న ప్రతివాడూ తనకు తాను న్యాయాధిపతి అవుతాడన్నది బలమైన ప్రతివాదం. ఈ జిల్లాల చరిత్రలోనే దానికి ఆధారముంది.

రజాకార్లు, నిజాం పోలీసులు గ్రామాలపై దాడి చేసినప్పుడు ఇళ్లు తగలబెట్టారు, ధాన్యం ఎత్తుకుపోయారు. వానలు అరుదైన ఈ మెట్ట ప్రాంతంలో పాతరలోని జొన్నలు, కొట్టంలోని ఎడ్లజత, ఊరి చెరువు పోతే కుటుంబానికి ఆ ఏడాది బతుకే పోయినట్టు. 1977 ప్రోటోకాల్ 14వ అధికరణం ఏకరువు పెట్టిన వస్తువులు సరిగ్గా ఇవే.

సెప్టెంబరు 17 తరువాత బాధితులు మారారు. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ తదితరుల బృందం 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు హైదరాబాద్ రాజ్యంలో పర్యటించింది. హత్యలతోపాటు దోపిడీ, గృహదహనం, ఇళ్ల, భూముల ఆక్రమణ జరిగాయని వారి నివేదిక నమోదు చేసింది. అత్యధిక ప్రాణనష్టం జరిగినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలని చెప్పి, తరువాతి వరుసలో ఔరంగాబాద్, బీడ్, మెదక్‌లతో పాటు నల్లగొండను పేర్కొంది. ఈ నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందుబాటులో లేదు. ఆ బృందం పర్యటిస్తున్న రోజుల్లోనే, డిసెంబరు 10న, ఐక్యరాజ్యసమితి ప్రకటించిన విశ్వమానవ హక్కుల పత్రం 17వ అధికరణంలో ఎవరి ఆస్తినీ నిరంకుశంగా హరించరాదని చెప్పింది.

రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కూలీకి, చిరువర్తకునికి చారిత్రక న్యాయం పేరుతో జరిగిన దోపిడీని ఏ వాదమూ సమర్థించలేదు. పాలకుల మతం, అతని మతం ఒకటి కావడమే అతని నేరమైంది. జాగీరుదారుని ఎస్టేటూ, దూదేకులవాని కమానూ ఒకే లెక్కలో పడ్డాయి. దోపిడీ నిషేధం విచారణకు తావివ్వని నిరపేక్ష నియమంగా ఎందుకు ఉండాలో ఈ అనుభవం బోధిస్తుంది. గుంపు చేతిలో ఆగమ విచారణ జరగదు. ఇల్లు కాలుతున్నవేళ అది ఎవరి పట్టాలో ఉందో అడగడం అర్థం లేని పని.

ఇక్కడొక ముఖ్యమైన తేడా గమనించాలి. నిరపేక్షంగా కాపాడవలసినది బతుకుకు ఆధారమైన ఆస్తి. వేల ఎకరాల పట్టా ఆ కోవకు చెందదు. అది ఇతరుల శ్రమపై, నడవడిపై ఆధిపత్యమిచ్చే సాధనం. అంతర్జాతీయ న్యాయం ఈ రెండింటికీ "సొంత ఆస్తి" అన్న ఒకే పేరు పెట్టింది.

6. దానం, చట్టం, వాపసు

సైనిక చర్య తరువాత పట్టణాలకు తరలిపోయిన భూస్వాములు అనేకులు సైన్యం అండతో గ్రామాలకు తిరిగివచ్చి పంచిన భూములను స్వాధీనం చేసుకున్నారు. కొన్నిచోట్ల రైతులు వదలలేదు. పాలకుల దృష్టిలో ఇది పూర్వస్థితి పునరుద్ధరణ. మొదటి దశలో తన సొంత చెక్కను తిరిగి పొందిన రైతుకు ఇది రెండోసారి జరిగిన అపహరణ. ఒకే చర్యకు రెండు పేర్లు రావడానికి కారణం కాలాన్ని రెండు వేర్వేరు బిందువుల నుంచి లెక్కించడమే.

తరువాత చట్టం కదిలింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు అమలులోకి వచ్చింది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం "రక్షిత కౌలుదారు" అనే హోదాను కల్పించింది. నిర్దేశిత కాలంలో ఆరు సంవత్సరాలు ఎడతెగకుండా కౌలుదారుగా సాగు చేసినవానికి ఆ హోదా లభిస్తుంది. భుక్తిని ప్రమాణంగా గుర్తించిన ఈ చట్టం విలువను తక్కువ చేయలేము. కాని అది గుర్తించింది కౌలును. మోసపు నమోదువల్ల భూమి పోగొట్టుకున్నవాని హక్కును అది నేరుగా విచారించలేదు. కౌలుదారుగా రక్షణ పొందాలంటే పట్టాదారు యజమాని అని ముందుగా ఒప్పుకోవాలి. సాగుకు రుజువైన పహాణీ రాసేవాడు గ్రామ పట్వారీయే.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడగగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడానికి ముందుకు వచ్చారు. భూదానోద్యమానికి అదే నాంది. రక్తపాతం లేకుండా మనసు మార్పుతో భూమి చేతులు మారడం గొప్ప నైతిక ఘటన. అయినా దానం అన్న భావనలో ఒక ముందస్తు ఒప్పుకోలు ఉంది: ఇచ్చేది తనదైతేనే అది దానం. పుచ్చుకున్నవాడు కృతజ్ఞుడై ఉండాలి. వాపసులో కృతజ్ఞతకు చోటు లేదు, అక్కడున్నది రుణవిమోచనం. ఒకే భూమి ఒకే కుటుంబానికి చేరినా అది దానంగా చేరిందా వాపసుగా చేరిందా అన్నదానిపై ఆ మనిషి ఊరిలో తలెత్తుకొని తిరిగే తీరు ఆధారపడి ఉంటుంది.

7. గడువు తేదీ అనే నైతిక సమస్య

ఇరవయ్యో శతాబ్ది చివరి నుంచి ప్రపంచం ఈ సమస్యను నేరుగా ఎదుర్కొంటున్నది. దక్షిణాఫ్రికా 1994 భూపునరర్పణ చట్టం 1913 జూన్ 19ని గడువుగా నిర్ణయించింది. నల్లజాతివారి భూమి హక్కులను కుదించిన చట్టం వచ్చిన తేదీ అది. కొలంబియా 2011లో చేసిన చట్టం 1991 జనవరి 1 తరువాతి అపహరణలకు వర్తిస్తూ, సంఘర్షణ ప్రాంతాల్లో జరిగిన కొన్ని రకాల బదిలీలు బలవంతపువేనన్న ఊహతో మొదలవుతుంది. కాదని రుజువు చేయవలసిన భారం భూమి పట్టుకున్నవానిపై ఉంటుంది. 2005 నాటి పిన్హెరో సూత్రాలు నిర్వాసితుల ఇల్లు, భూమి తిరిగి పొందే హక్కును ప్రతిపాదించాయి.

దక్షిణ తెలంగాణకు ఏ తేదీ? 1948 సెప్టెంబరు 17 అంటే సంఘం పంపకం నిలవాలి. 1946 జూలై అంటే దొరల పట్టా నిలవాలి. సాలార్‌జంగ్ కాలపు నమోదుకు ముందు అంటే రైతు భుక్తి నిలవాలి. అమ్రాబాద్ చెంచులకు ఈ తేదీలలో ఏదీ పనికిరాదు. తేదీ ఎంపిక పరిపాలనా సౌకర్యమని కనిపించినా నిజానికి అది తీర్పే. వ్యవస్థీకృతమైన బలప్రయోగం ఎప్పుడు మొదలైందో అక్కడినుంచి లెక్కించాలన్నది దక్షిణాఫ్రికా ఉదాహరణ నేర్పే పాఠం. కాలం గడిచేకొద్దీ భూమి కొన్న మూడో వ్యక్తులు, వారి వారసులు రంగంలోకి వస్తారు. వారి భుక్తి కూడా భుక్తే. అందువల్ల ప్రాచీన అన్యాయానికి ప్రతిసారీ అదే చెక్కను వాపసు ఇవ్వడం సాధ్యం కాకపోవచ్చు. పరిహారం, ప్రత్యామ్నాయ భూమి, కనీసం జరిగినది అన్యాయమని నమోదు చేయడం అప్పుడు కర్తవ్యాలవుతాయి.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ణయాలు తేలుతున్నాయి. ఒకటి, సాయుధ సంఘర్షణలో బతుకుకు ఆధారమైన ఇల్లు, గింజ, పశువు, పనిముట్టు, నీరు ఎవరివైనా సరే, హక్కు విచారణ లేకుండానే కాపాడదగినవి. రెండు, ఆయుధబలంతో జరిగిన స్వాధీనం ఏదీ స్వతహాగా హక్కును పుట్టించదు. దళాల అండతో భూమి పొందినవానికీ, సైన్యం అండతో తిరిగి పొందినవానికీ ఈ నియమం సమానం. ఇద్దరి హక్కూ ఆగమ, భుక్తులతోనే తేలాలి. మూడు, శాంతికాలపు విచారణ కాగితం ఉన్నవానినే యజమానిగా భావించి మొదలు కారాదు. కాగితం పుట్టిన తీరును ప్రశ్నించి, నోటిసాక్ష్యానికీ సాగుకూ తగిన విలువ ఇవ్వాలి.

ఈ చర్చ గతానికే పరిమితం కాదు. 2020లో తెలంగాణలో వచ్చిన ధరణి వ్యవస్థలో అనుభవదారు కాలమ్ లేకపోవడంపై రైతు సంఘాలు, భూచట్టాల నిపుణులు అభ్యంతరం తెలిపారు. లిఖితం నిలిచి భుక్తి కనుమరుగైతే ఏమవుతుందన్న ప్రశ్నే ఆ అభ్యంతరానికి మూలం. కౌలుదారు, పోడు సాగుదారు, పేరు మార్పిడి జరగని వారసుడు ఇప్పటికీ ఆ కాలమ్‌లోనే కనిపించే మనుషులు. రేపు ఏ సంక్షోభం తరువాతనైనా "ఎవరిది వారికి" చేర్చవలసి వచ్చినప్పుడు తీర్పరి తెరిచేది ఈనాటి దఫ్తరే. అందులో దున్నేవాని పేరుకు చోటు ఉంచడం శాంతికాలంలోనే నెరవేర్చవలసిన బాధ్యత.